బడి కమిటీ: ఓటరు జాబితా నుంచి తీర్మానం దాకా

ఊరి బడిలో మరుగుదొడ్డి తలుపు ఊడిపోతే ఎవరికి చెప్పాలని అడగండి. ఒకరు హెచ్‌ఎం అంటారు, ఒకరు సర్పంచి అంటారు, ఇంకొకరు సచివాలయం ఇంజినీరింగు అసిస్టెంటు అంటారు. తల్లిదండ్రుల కమిటీ, అంటే పాఠశాల యాజమాన్య కమిటీ పేరు మాత్రం ఎవరికీ గుర్తురాదు. అదొకటి ఉందని కమిటీ సభ్యులకే గుర్తుండని ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోలెడు. కానీ బడి నిధులకు సంబంధించిన తీర్మానం మీద సంతకం పెట్టేది వాళ్లే. ఆ కమిటీలోకి వెళ్లడం, వెళ్లాక పని చేయించడం ఎలాగో వరుసగా చూద్దాం.

ఎవరెవరు ఉంటారు

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి. ఒకరు ఎస్సీ, ఎస్టీ వంటి అననుకూల పరిస్థితుల్లో ఉన్న వర్గాల నుంచి, ఒకరు బలహీన వర్గాల నుంచి రావాలి. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడిలో 15 మంది, ఎనిమిది దాకా ఉంటే 24 మంది అవుతారు. వీళ్లలోంచే చైర్‌పర్సన్‌ను, వైస్ చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. కన్వీనర్ హెచ్‌ఎం. వార్డు సభ్యుడో కౌన్సిలరో, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్‌ఎం, మహిళా సంఘం అధ్యక్షురాలు పదవి రీత్యా వస్తారు.

పట్నంలో ఉన్నవాళ్లకు ఒక తేడా ఉంది. విజయనగరం నగరపాలక సంస్థకు 2021 మార్చిలో ఎన్నికలు జరిగాయి, శ్రీకాకుళం నగరపాలక సంస్థకు అప్పుడు జరగలేదు. పాలకవర్గం లేని చోట కార్పొరేటర్ కుర్చీ ఖాళీ. అది ఖాళీగా ఉందన్న సాకుతో కమిటీ సమావేశం ఆపకూడదు.

జాబితాలో పేరు చూసుకోండి

కిందటిసారి రాష్ట్రమంతా ఈ ఎన్నికలు 2024 ఆగస్టు 8న జరిగాయి, కమిటీ గడువు రెండేళ్లు. నోటిఫికేషన్‌కూ ఎన్నికకూ మధ్య వారం రోజులే ఉంటుంది కాబట్టి చూసుకోవలసినవి జూన్ 12న బడి తెరిచిన వారంలోనే చూసుకోవాలి.

ఓటర్ల జాబితా బడి అడ్మిషన్ రిజిస్టరు నుంచి తయారవుతుంది. పిల్లవాడి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి. బిడ్డకు ఒక ఓటు, తల్లి వెయ్యొచ్చు లేదా తండ్రి వెయ్యొచ్చు. మన దగ్గర చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తల్లిదండ్రులిద్దరూ చెన్నైలోనో హైదరాబాదులోనో కూలి పనిలో ఉంటారు, పిల్లలు మామ్మ దగ్గర ఉంటారు. తీరం ఊళ్లలో తండ్రి వేట సీజనంతా గుజరాత్‌లోని వెరావల్‌లో ఉంటాడు. ఎన్నిక రోజున మామ్మ వస్తే "నీ పేరు జాబితాలో లేదమ్మా" అని వెనక్కి పంపేస్తారు. బిడ్డ బాగోగులు చూసే మనిషి చట్టం దృష్టిలో సంరక్షకురాలే. అందుకే జూన్‌లోనే హెచ్‌ఎం గారికి తెల్లకాగితం మీద రాసివ్వండి: "మా అబ్బాయి తల్లిదండ్రులు వలస వెళ్లారు, బిడ్డ నా సంరక్షణలో ఉన్నాడు, రిజిస్టరులో సంరక్షకురాలిగా నా పేరు రాయండి." ఆధార్ నకలు జతచేసి, రెండో కాగితం మీద హెచ్‌ఎం సంతకం, తేదీ తీసుకోండి.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టగానే ఫోనులో ఫొటో తీసి తరగతి వారీగా లెక్కపెట్టండి. తరగతిలో 22 మంది పిల్లలుంటే 22 ఇళ్లు కనబడాలి. తక్కువైతే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటగా చెప్పిన అభ్యంతరానికి విలువ లేదు.

ఎన్నిక రోజు: సగం మందిని బడికి తేవడం

తరగతి తల్లిదండ్రుల్లో సగం మందైనా రావాలి, లేకపోతే ఆ తరగతి ఎన్నిక జరగదు. అసలు కష్టం పోటీలో లేదు, ఈ సగంలో ఉంది. ఆగస్టు మొదటి పక్షం అంటే ఉభాల కాలం. చెరువు కింద నీళ్లు దిగిన రోజున నాట్లు ఆపి బడికి ఎవరొస్తారు? పలాస చుట్టుపక్కల జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లు తెల్లవారక ముందే ఇల్లు వదులుతారు. సంత రోజైతే సరేసరి.

చెయ్యగలిగింది ఇదీ. ముందురోజు సాయంత్రం దండోరా వేయించండి, వాట్సాప్ ఒక్కటే నమ్ముకోవద్దు. నాట్లకు వెళ్లే జట్టు మేస్త్రితో మాట్లాడితే ఒక గంట ఆలస్యంగా దిగడానికి ఒప్పుకుంటాడు. పదిహేను మంది ఒకేసారి వచ్చి వెళ్లిపోవచ్చు. తరగతుల వారీగా సమయం ముందే చెప్పమని హెచ్‌ఎంను అడగండి. ఒకటో తరగతి వాళ్లను పదకొండు దాకా కూర్చోబెడితే సగం మంది లేచి పోతారు.

ఎక్కువ ఊళ్లలో చేతులెత్తి ఎన్నుకుంటారు. ఏకగ్రీవం మంచిదే. కానీ ముందురాత్రి రచ్చబండ దగ్గర నలుగురు పెద్దమనుషులు పేర్లు రాసిచ్చి, పొద్దున్న అవి చదివించడం ఏకగ్రీవం కాదు. గొడవ అవుతుందనిపిస్తే రహస్య ఓటింగు కావాలని ఎన్నిక మొదలయ్యే ముందే అడగాలి. చేతులు లేచాక అడిగితే ఓడినవాళ్ల ఏడుపు అనుకుంటారు.

చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్ ఇద్దరిలో ఒక్కరైనా మహిళ అయి ఉండాలి. ఆవిడ చైర్‌పర్సన్ అయితే సమావేశానికి ఆవిడే రావాలి. భర్త వచ్చి కూర్చుని, పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టించడం రెండు జిల్లాల్లోనూ మామూలైపోయింది. మిగతా సభ్యులు ఒక్కసారి "అప్ప వచ్చేదాకా ఆగుదాం" అని కూర్చుంటే మూడో సమావేశానికి ఆవిడే వస్తారు.

మొదటి నెల: నాలుగు పుస్తకాలు

గెలిచిన వారంలో హెచ్‌ఎంను మర్యాదగా అడిగి చూడవలసినవి నాలుగు: మినిట్స్ పుస్తకం, క్యాష్ బుక్కు, మధ్యాహ్న భోజనం స్టాకు రిజిస్టరు, పిల్లల హాజరు. తప్పులు పట్టడానికి వచ్చామన్నట్టు వెళ్తే హెచ్‌ఎం తలుపులు మూసుకుంటారు. చిన్న బడిలో హెచ్‌ఎం అంటే పాఠం చెప్పే ఇద్దరిలో ఒకరు. ఫొటోలు, యాప్‌లు, నివేదికలతో అప్పటికే సతమతమవుతుంటారు. "ఈ పుస్తకం రాయడంలో మేం సాయం చేస్తాం" అంటే సగం దారి సుగమం.

బ్యాంకు ఖాతా చైర్‌పర్సన్, హెచ్‌ఎం ఇద్దరి పేర ఉంటుంది. ఖాళీ చెక్కు మీద, ఖాళీ తీర్మానం పేజీ మీద సంతకం పెట్టకండి. "ఊరెళ్తున్నాను, ముందే పెట్టీ" అని అడిగినా సరే. ఆడిట్‌లో తేడా వస్తే సంతకం పెట్టినవాళ్లకూ నోటీసు వస్తుంది.

దేశంలోని బడుల వివరాలు నమోదయ్యే యూడైస్‌లో ప్రతి బడికి 11 అంకెల కోడ్ ఉంటుంది, మన రాష్ట్రంలో అది 28తో మొదలవుతుంది. ఆ కోడ్‌తో యూడైస్ పోర్టల్‌లో బడి వివరాలు ఎవరైనా చూడొచ్చు: ఎంతమంది పిల్లలు, ఎన్ని గదులు, మరుగుదొడ్డి పనిచేస్తోందా లేదా. విరిగిపోయిన మరుగుదొడ్డి అక్కడ "పనిచేస్తోంది" అని ఉంటే మరమ్మతుకు డబ్బు అడిగినా రాదు. ముందు ఆ గడి దిద్దించాలి.

డబ్బు లెక్క

సమగ్ర శిక్ష కింద బడికి ఏటా ఇచ్చే గ్రాంటు పిల్లల సంఖ్య మీద ఆధారపడుతుంది. 30 మంది దాకా 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1000 దాకా 75,000, ఆపైన లక్ష. ఇందులో పదో వంతైనా పరిశుభ్రతకు వాడాలి. గమనించారా, 30కీ 31కీ మధ్య 15,000 తేడా ఉంది. 29 మంది ఉన్న బడిలో ఇద్దరు పిల్లల నమోదు ఆలస్యమైతే ఆ ఏడాది సుద్దముక్కలకూ చీపుర్లకూ వెతుక్కోవాలి. ఈ డబ్బు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. అందుకని ఖర్చుల జాబితాను అవసరం వరుసలో రాసుకుని, మొదటి విడతతో మొదటి రెండు పనులు ముగించడం తెలివైన పని.

తల్లికి వందనం కింద 2025లో బిడ్డకు 15,000 లెక్కన 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బడుల నిర్వహణకు మినహాయించారు. ఆ 2,000 మీద ఇళ్లలో సణుగుడు ఎక్కువ, కమిటీలో ప్రశ్న తక్కువ. మన బడికి ఆ పద్దు కింద ఏం అందిందో సమావేశంలో అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించండి.

భోజనం: త్రాసుతో చూడండి

డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం మీద వచ్చినన్ని ఫిర్యాదులు ఇంక దేని మీదా రావు, వాటిలో చాలావరకు "బాగోలేదు" అన్నంతటితో ఆగిపోతాయి. అంకె లేని ఫిర్యాదు గాలికి పోతుంది. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75, 7.5. ఆ పూట 64 మంది చిన్నపిల్లలు వస్తే గిన్నెలోకి 6 కిలోల 400 గ్రాముల బియ్యం, 1 కిలో 280 గ్రాముల పప్పు, 3 కిలోల 200 గ్రాముల కూరగాయలు, 320 గ్రాముల నూనె పడాలి.

నెలకు రెండుసార్లు, చెప్పకుండా, ఉదయం తొమ్మిదిన్నరకు ఇద్దరు తల్లులు వంట దగ్గరకు వెళ్లి తూకం చూస్తే చాలు. ముందు తలలు లెక్కపెట్టి తర్వాత హాజరు పుస్తకం చూడండి, ఈ వరుస తిరగేస్తే లెక్కకు అర్థం లేదు. తూకం తగ్గితే కారణం ఎక్కడుందో వెతకాలి. బియ్యం బస్తా దించినప్పుడే తూచారా? వంట ఏజెన్సీకి బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదు? నెలకు 3,000 గౌరవ వేతనంతో వండే మనిషి కిరాణా కొట్లో అప్పు పెట్టి పప్పు తెస్తోంది. బిల్లు రెండు నెలలు ఆగితే మొదట పల్చబడేది పప్పే. ఆవిడ మీద కేకలు వేసి వచ్చేస్తే సమస్య అక్కడే ఉంటుంది. "బిల్లు ఫలానా నెల నుంచి బకాయి ఉంది, తూకం ఇంత తగ్గింది" అని రెండూ కలిపి మండల విద్యాధికారికి (ఎంఈవో) రాయాలి.

తీర్మానం ఎలా రాయాలి

కమిటీ చేతిలో ఉన్న పనిముట్టు ఇదొక్కటే. సమావేశంలో గంటసేపు వాదించి, చివర్లో "మౌలిక వసతులు కల్పించాలని కోరడమైనది" అని ఒక వాక్యం రాస్తే అది ఏ ఫైలులోనూ కదలదు. ఏ వసతి, ఎంత, ఎవరి డబ్బు, ఎప్పటిలోగా అన్న నాలుగూ అందులో ఉండాలి. ఒక నమూనా ఇదిగో, అంకెలు మీ బడివి వేసుకోండి:

"తీర్మానం నంబరు 3. బాలికల మరుగుదొడ్లు రెండింటిలో ఒకదానికి తలుపు లేదు, రెండోదానికి నీటి పైపు పగిలింది. 34 మంది బాలికలు వాడలేకపోతున్నారు. తలుపు, గడియ, 20 అడుగుల పైపు మార్చడానికి మేస్త్రి రాసిచ్చిన అంచనా 7,400 రూపాయలు, జతచేశాం. ఇందులో 4,000 స్కూలు గ్రాంటు నుంచి ఖర్చు చెయ్యడానికి కమిటీ ఆమోదించింది. మిగతా 3,400 పంచాయతీ పారిశుద్ధ్య పద్దు నుంచి ఇవ్వవలసిందిగా పంచాయతీ కార్యదర్శిని కోరుతున్నాం. 15 రోజుల్లో పని పూర్తి చేయించే బాధ్యత హెచ్‌ఎం, వైస్ చైర్‌పర్సన్‌లది."

కింద వచ్చిన ప్రతి సభ్యుడి సంతకం. వేలిముద్ర వేసినవాళ్ల పక్కన పేరు రాయాలి. పేజీలో మిగిలిన ఖాళీని అడ్డగీతతో కొట్టెయ్యండి, తర్వాత ఎవరూ ఇంకో వాక్యం చేర్చకుండా. నకలు మూడు తీసుకోండి: ఒకటి ఎంఈవో కార్యాలయానికి, ఒకటి పంచాయతీకి, ఒకటి మీ సంచిలోకి.

తీర్మానం విలువ మరమ్మతులకే పరిమితం కాదు. 2022లో 117 జీవో కింద చాలా ఊళ్ల మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూళ్లకు తరలిపోయాయి. 2025లో ఆ జీవో రద్దయి ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పాటు చేసేటప్పుడు బడుల కలయిక మీద కమిటీల అభిప్రాయం అడిగారు. అలాంటి కాగితం వచ్చినప్పుడు ఒక్క పూటలో సంతకం పెట్టెయ్యకుండా దూరం కొలవండి. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నది లెక్క. దారిలో గెడ్డ (వాగు) దాటాలా, రైల్వే గేటు ఉందా, వానాకాలం ఎన్ని రోజులు దారి మునుగుతుంది? ఇవి రాసిన తీర్మానానికి, వట్టి "మేం ఒప్పుకోం"కు చాలా తేడా.

టీచర్లు చాలకపోతే చట్టంలోని అంకెతో అడగండి. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు.

గ్రామసభలో మీ వంతు

పంచాయతీ ఏడాది ప్రణాళికకు కసరత్తు అక్టోబరు 2న మొదలవుతుంది. బడి పని ఆ ప్రణాళికలో ఎక్కకపోతే, తర్వాత సర్పంచి ఎంత మంచివారైనా బిల్లు పెట్టడం కష్టం. కాబట్టి తీర్మానం సెప్టెంబరు చివరికి పంచాయతీ కార్యదర్శి చేతిలో ఉండాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అలాంటి రోజున జనం ఎక్కువ, మైకు ఒక్కటే. ముందే కాగితం ఇచ్చినవాళ్ల పని నమోదవుతుంది, అక్కడికక్కడ చెప్పింది చప్పట్లలో కలిసిపోతుంది.

"నిధుల్లేవు" అన్న మాట వింటారు. కొంత నిజం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేశారు, 40 శాతమే పంచాయతీ ఇష్టం. అందుకే అడిగే పనికి తగిన పేరు పెట్టాలి. "బడి అభివృద్ధి" అంటే పద్దు దొరకదు, "బడిలో తాగునీటి కుళాయి, మరుగుదొడ్డికి నీటి వసతి" అంటే దొరుకుతుంది. ఏ పనికి ఎంత ఖర్చు రాశారో ఇ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరుతో వెతికితే కనబడుతుంది. బడికి చేసినట్టు అక్కడ ఉండి ఇక్కడ లేని పనులు ఒక్కోసారి బయటపడతాయి.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లలో బడి బోరు నీళ్ల మీద తల్లులకు భయం ఉంది. ఊహలతో వాదించకుండా పరీక్ష చేయించండి. నీటి పరీక్ష కిట్టు వాడడానికి ఊరికి ఐదుగురు మహిళల చొప్పున శిక్షణ ఇచ్చారు. ఎవరో సచివాలయంలో కనుక్కుని, ఫలితం తేదీతో సహా రాయించుకోండి.

పంచాయతీ ఎన్నికలొస్తే

పంచాయతీ ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా విడదీస్తారు. అసెంబ్లీ జాబితాలో లేని పేరు ఇందులోకి రాదు. కొత్త ఓటుకు ఫారం 6, తప్పులకూ చిరునామా మార్పుకూ ఫారం 8. వలస వెళ్లినవాళ్ల మీద ఎవరైనా ఫారం 7 పెట్టి పేరు తీసేయించే ప్రయత్నం చేస్తే నోటీసు ఇంటికే వస్తుంది, ఇంట్లో ఉన్న ముసలివాళ్లకు దాన్ని పక్కన పడెయ్యవద్దని చెప్పండి. ఇంట్లో నలుగురి ఓట్లూ ఒకే వార్డులో ఉన్నాయో లేదో చూసుకోండి, వీధికి అటో ఇటో పడిపోవడం మామూలే.

పోటీ చెయ్యడానికి 21 ఏళ్లు నిండాలి. ఇద్దరు పిల్లలకు మించి ఉంటే అనర్హత అన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తొలగించింది, పాత భయంతో ఆగిపోయినవాళ్లు ఇప్పుడు నిలబడవచ్చు. బడి మీద పట్టు ఉన్న తల్లికి సర్పంచి పదవి కన్నా వార్డు సభ్యత్వం ఎక్కువ పనికొస్తుంది. ఖర్చు తక్కువ, కమిటీలో చోటు పదవి రీత్యా దొరుకుతుంది.

ఇంకో ఉపాయం. మన ఊళ్లలో పోలింగు కేంద్రం అంటే బడే. ర్యాంపు, తాగునీరు, లైటు, మరుగుదొడ్డి ఉన్నాయా అని ఎన్నికలకు ముందు అధికారులు వచ్చి చూస్తారు. ఏళ్లుగా కదలని వైరింగు ఆ రెండు వారాల్లో కదులుతుంది. వాళ్లొచ్చేనాటికి మీ తీర్మానం నకలు సిద్ధంగా ఉంచి చేతికివ్వండి.

ఎవరూ పలకకపోతే

ఎంఈవోకు ఇచ్చి నెలైనా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లండి. జనం ఇప్పటికీ గ్రీవెన్స్ అనో స్పందన అనో అంటారు, వెళ్లేది అక్కడికే. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలవాళ్లు 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లా అని మరవకండి. పాత అలవాటున శ్రీకాకుళం వెళ్లి ఒక రోజు కూలి పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక అర్జీలో ఒక్క సమస్యే రాయండి. ఐదు రాస్తే సులువైన ఒక్కదానికి జవాబిచ్చి మొత్తం "పరిష్కృతం" చేసేస్తారు. రసీదు నంబరు జాగ్రత్త.

కాగితాలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. "ఎందుకు చెయ్యలేదు" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా సంవత్సరం మా బడికి విడుదలైన గ్రాంటు, క్యాష్ బుక్కు పేజీలు, ఓచర్ల నకళ్లు ఇవ్వండి" అని అడగాలి. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

గడువు ముగిసే ముందు సమావేశంలో పెండింగు పనుల పట్టిక ఒకటి రాసి, ఇన్‌వర్డ్ నంబర్లతో సహా మినిట్స్‌లో అతికించండి. కొత్త కమిటీ మొదటి రోజు తెరిచేది ఆ పేజీయే కావాలి. నకళ్ల సంచి మాత్రం హెచ్‌ఎం బీరువాలో కాకుండా కొత్త చైర్‌పర్సన్ ఇంటికి చేర్చండి. బదిలీల్లో హెచ్‌ఎంలు మారిపోతుంటారు, బీరువా తాళాలు కూడా.